గాలం రాడ్ సొంతంగా కట్టుకోవడం: బ్లాంకు నుంచి ఆఖరి పూత దాకా

రాడ్ కట్టడమంటే కర్రని పుట్టించడం కాదు. కార్బన్ పీచు గుడ్డని ఉక్కు కడ్డీకి చుట్టి, పొయ్యిలో కాల్చి, కడ్డీని లాగేస్తే మిగిలే బోలు గొట్టమే బ్లాంకు. అది ఫ్యాక్టరీలో జరిగే పని. ఇంట్లో మనం చేసేది ఆ బ్లాంకుకి పిడి, రీల్ సీటు (రీల్ బిగించే చోటు), గైడ్లు (లైను దూరి వెళ్ళే రింగులు) కూర్చి, గైడ్ల కాళ్ళకి దారం చుట్టి, దాని మీద ఎపాక్సీ పూత వెయ్యడం. చూసేవాళ్ళ కంటికి ఆనేది దారం రంగు, పూత మెరుపు. రాడ్ పనితనం మాత్రం అంతకు ముందే, జిగురు డబ్బా మూత తియ్యకముందే తేలిపోతుంది. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం ఆ పొడి అమరిక గురించే రాస్తున్నాను.

ఉదాహరణకి ఒకే రాడ్ తీసుకుందాం: 7 అడుగులు, అంటే 213 సెం.మీ., మీడియం హెవీ పవర్ (పవర్ అంటే రాడ్ ఎంత గట్టిదన్నది), ఫాస్ట్ యాక్షన్ (వంపు ఎక్కువగా కొన దగ్గరే రావడం), 3000 సైజు స్పిన్నింగ్ రీల్, 30 పౌండ్ల అల్లిక లైను. చెరువుల్లో నాచు మీద కప్ప ఎర లాగుతూ కొరమీను పట్టడానికి, ఉప్పుటేరుల్లో పండుగప్పకి ఎర విసరడానికి ఇది సరిపోతుంది.

ముందుగా బ్లాంకు ఎంపిక. "మీడియం హెవీ" అన్న మాటకి ఒక్కో కంపెనీ ఒక్కో అర్థం చెబుతుంది. రెండు కంపెనీల బ్లాంకులని పోల్చాలంటే మంచి కొలత ఒకటి ఉంది. అమెరికాలో బిల్ హానెమన్ తయారుచేసిన కామన్ సెంట్స్ పద్ధతి అది. బ్లాంకుని మొదలు దగ్గర కదలకుండా అడ్డంగా బిగించి, కొనకి చిన్న సంచీ వేలాడదీసి, కొన బ్లాంకు పొడవులో మూడో వంతు కిందికి దిగేదాకా అందులో ఒక సెంటు నాణేలు వేస్తారు. ఎన్ని నాణేలు పట్టాయన్నది పవర్. ఆ స్థితిలో కొన ఎంత కోణంలో వాలిందన్నది యాక్షన్. 66 డిగ్రీలు దాటితే ఫాస్ట్ కింద లెక్క. 1982 తర్వాతి జింకు సెంటు బరువు 2.5 గ్రాములు కాబట్టి మనం నాణేల బదులు వంటింటి డిజిటల్ కాటాతో బియ్యం తూచి వేసినా అదే లెక్క వస్తుంది. మీకు నచ్చిన పాత రాడ్‌ని ఇలా కొలిచి పెట్టుకుంటే, కొత్త బ్లాంకు దానికన్నా గట్టిదో మెత్తనిదో కట్టకముందే తెలుస్తుంది.

బ్లాంకు పొడవు తగ్గించాల్సి వస్తే మొదలు వైపే కొయ్యండి. కొన వైపు రెండు మూడు సెం.మీ. కోసినా కొన మొద్దుబారి యాక్షన్ మారిపోతుంది. కోసేచోట మాస్కింగ్ టేపు రెండు మూడు చుట్లు వేసి, సన్నపళ్ళ హ్యాక్సా బ్లేడుతో బ్లాంకుని తిప్పుతూ కొయ్యాలి. కటింగ్ ప్లేయరుతో నొక్కితే పీచు చీలి, ఆ చీలిక లోపలికి పాకుతుంది. కార్బన్ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. మాస్కు పెట్టుకుని, తడిగుడ్డతో తుడవండి.

తర్వాత స్పైన్. బ్లాంకు చుట్టూ పీచు మందం అన్నివైపులా ఒకేలా ఉండదు, అందుకే అది ఒక వైపు తేలిగ్గా, ఇంకో వైపు గట్టిగా వంగుతుంది. ఈ తేడానే స్పైన్ అంటారు. మొదలుని నున్నటి నేల మీద ఆనించి, కొనని అరచేతిలో వదులుగా పట్టుకుని, రెండో చేత్తో నడుమ నొక్కితే బ్లాంకు తనంతట తాను దొర్లి ఒక వైపు స్థిరపడుతుంది. అప్పుడు వంపు లోపలి వైపు చాక్‌తో గుర్తు పెడితే, స్పిన్నింగ్ రాడ్‌కి గైడ్లు ఆ వైపు వస్తాయి. స్పైన్ తప్పితే చేప లాగినప్పుడు రాడ్ చేతిలో తిరిగిపోతుందని చాలామంది చెబుతారు. అది సరి కాదు. రాడ్‌ని తిప్పేది గైడ్లు ఉన్న వైపు. పైన గైడ్లుండే కాస్టింగ్ రాడ్, స్పైన్ ఎంత కచ్చితంగా పెట్టినా, బరువు పడితే పక్కకి ఒరుగుతుంది. కింద గైడ్లుండే స్పిన్నింగ్ రాడ్ ఒరగదు. నా మాట అడిగితే స్పైన్ కన్నా సూటితనం ముఖ్యం. బ్లాంకులో కొద్దిపాటి వంకర దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఒక కన్ను మూసి మొదలు నుంచి కొనకి చూస్తూ తిప్పండి. వంకర పక్కకి కాకుండా నిలువుగా, పైకో కిందికో వచ్చే స్థితిలో గైడ్ల గీత పెట్టుకుంటే పైనుంచి చూసినప్పుడు రాడ్ సూటిగా కనిపిస్తుంది, గైడ్లు వరసలో ఉన్నాయో లేవో పట్టుకోవడం కూడా సులువు.

ఇక గైడ్లు. రాడ్ పొడవు ఎన్ని అడుగులో కనీసం అన్ని గైడ్లు, పైన కొన గైడు ఒకటి. మన రాడ్‌కి 7, కొనది 1. అమ్మకపు రాడ్లలో ఖర్చు తగ్గించేది ఎక్కువగా ఇక్కడే. ఒక గైడు తగ్గిస్తే ఆ ఖాళీకి అటూ ఇటూ ఉన్న గైడ్ల దగ్గర లైను కోసుగా మలుపు తిరిగి, బరువంతా ఆ రెండు చోట్లే పడుతుంది. రింగు సైజు మి.మీ.లలో ఉంటుంది. రీల్ నుంచి కొన వైపు 25, 16, 10, ఆ తర్వాత నాలుగూ 6 సైజువి. స్పిన్నింగ్ రీల్ నుంచి లైను చుట్టలు చుట్టలుగా వస్తుంది. మొదటి మూడు పెద్ద, పొడుగు కాళ్ళ గైడ్ల పని ఆ చుట్టలని అణచడం. నాలుగో గైడు దగ్గరికి లైను సూటి గీతగా మారిపోవాలి. అక్కడి నుంచి పెద్ద రింగులు పెడితే లాభం ఏమీ లేదు, కొన బరువెక్కుతుంది అంతే. కొన దగ్గర పెరిగిన ఒక్క గ్రాము చేతికి ఎంత తెలుస్తుందో, 6 సైజు గైడ్లున్న రాడ్, 10 సైజువి ఉన్న రాడ్ పక్కపక్కన ఊపి చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. అల్లిక లైను వాడేవాళ్ళు రింగు విషయంలో మొహమాటపడొద్దు. ఉత్త క్రోమ్ తీగ రింగుని అల్లిక లైను గాడి పడేలా కోస్తుంది. ఫ్యూజీ ఆల్కొనైట్, సిలికాన్ కార్బైడ్ రింగులు తట్టుకుంటాయి. ఉప్పు నీళ్ళకి టైటానియం ఫ్రేము తుప్పు పట్టదు గానీ ధర చాలా ఎక్కువ. స్టెయిన్‌లెస్ ఫ్రేము తీసుకుని ప్రతిసారీ మంచినీళ్ళతో కడిగితే చాలు.

ఆ నాలుగో గైడు ఎక్కడ? దాన్ని చోక్ గైడు అంటారు. రీల్ స్పూలు (లైను చుట్టి ఉండే భాగం) వ్యాసానికి 27 రెట్ల దూరంలో, స్పూలు ముందు అంచు నుంచి కొలిచి పెట్టడం బాగా వాడుకలో ఉన్న లెక్క. 45 మి.మీ. స్పూలుకి అది 121.5 సెం.మీ. దీన్ని సరిచూసుకోవడానికి ఇంకో దారి ఉంది. స్పిన్నింగ్ రీల్ షాఫ్టు బ్లాంకు వైపు కొద్దిగా వాలి ఉంటుంది. రీల్ బిగించి, సూటి కర్ర ఒకటి స్పూలు మధ్య నుంచి షాఫ్టు దిశలోనే ముందుకి పట్టుకుంటే, అది బ్లాంకుని తాకేచోటు చోక్ గైడుకి దగ్గరగా ఉంటుంది. రెండు లెక్కల మధ్య ఐదారు సెం.మీ. తేడా వస్తే కంగారు వద్దు, మధ్యలో పెట్టి విసిరి చూడండి.

స్పూలు ముందు అంచు మొదలు నుంచి 43 సెం.మీ. దగ్గర ఉంటే, కొన నుంచి కొలిచి గైడ్లు ఇలా మొదలుపెట్టొచ్చు: 10, 21, 33.5, 48, 66, 89, 120 సెం.మీ. ఇందులో 48 దగ్గరిది చోక్ గైడు, 120 దగ్గరిది 25 సైజు పెద్ద గైడు. కొన దగ్గర ఎడం 10, 11 సెం.మీ. ఉండి, పోనుపోను పెరుగుతుందని గమనించండి. రాడ్ ఎక్కువ వంగేచోట గైడ్లు దగ్గరగా కావాలి. ఇది ప్రారంభం మాత్రమే. మీ బ్లాంకు ఈ పట్టిక చదవలేదు కాబట్టి అసలు స్థానం బరువు వేలాడదీసి తేల్చాలి.

గైడ్లని సన్నని రబ్బరు ట్యూబు ముక్కలతో, సైకిల్ వాల్వు ట్యూబైనా సరే, బ్లాంకుకి తాత్కాలికంగా పట్టించండి. రాడ్ మొదలుని బల్లకి సుమారు 45 డిగ్రీల కోణంలో బిగించి, లైను అన్ని గైడ్లలోంచి దూర్చి, చివర నీళ్ళ సీసా కట్టండి. అర కిలోతో మొదలుపెట్టి, రాడ్ బాగా వంగేదాకా నీళ్ళు పెంచండి. పక్కనుంచి చూస్తే లైను ప్రతి గైడు దగ్గరా కాస్త కాస్తగా మలుపు తిరగాలి. ఒక గైడు దగ్గర మలుపు మరీ కోసుగా ఉంటే పక్క గైడ్లని దాని వైపు జరపాలి. ఒకచోట లైను అసలు మలుపే తిరగకుండా సాగిపోతే అక్కడి గైడు పని చెయ్యడం లేదన్నమాట, దాన్ని ముందుకో వెనక్కో తియ్యాలి. ఒక్క సెం.మీ. జరిపినా వంపు మారడం కంటికి తెలుస్తుంది. తర్వాత ఖాళీ మైదానంలోనో మేడ మీదో ఆ తాత్కాలిక గైడ్లతోనే కొక్కెం లేని ఎర విసిరి చూడండి. పెద్ద గైడు మరీ దగ్గరుంటే లైను దానికి తపతపా కొట్టుకునే చప్పుడు వస్తుంది, రెండు సెం.మీ. ముందుకి జరిపి మళ్ళీ విసరండి. తేలాక ప్రతి స్థానమూ తెల్ల పెన్సిలుతో గుర్తుపెట్టి, ఒక కాగితం మీద కూడా రాసుకోండి. పెన్సిలు గుర్తు చెయ్యి తగిలి చెరిగిపోతుంది.

ఇప్పుడు పిడి. కార్క్ చేతికి హాయిగా ఉంటుంది. అర అంగుళం మందం బిళ్ళలు ఒకదానికొకటి అంటించి, రాడ్ మీదే తిప్పుతూ శాండ్ పేపరుతో ఆకారం తెస్తారు. అయితే మంచి కార్క్ ఖరీదు, చవకదాంట్లో గుంటలెక్కువ. మొదటి రాడ్‌కి ఈవీఏ నురగ పిడి నా ఎంపిక. దాని రంధ్రం బ్లాంకు వ్యాసం కన్నా 1 నుంచి 2 మి.మీ. చిన్నదిగా ఉండాలి. ఇంకా చిన్నదైతే పిడి అక్కడక్కడా ఉబ్బుతుంది, పెద్దదైతే కొన్నాళ్ళకి వదులవుతుంది. ఈవీఏ అయినా కార్క్ అయినా కొన వైపు నుంచే ఎక్కించాలి, బ్లాంకు అటే సన్నం. పిడి పొడవు మోచేతిని బట్టి పెట్టుకోండి: రీల్ కాలు వేళ్ళ మధ్య పట్టుకున్నప్పుడు పిడి చివర మోచేతికి రెండు మూడు సెం.మీ. దాటితే రెండు చేతుల విసురుకి పట్టు దొరుకుతుంది. అంతకన్నా పొడుగైతే చొక్కాకి తగులుకుంటుంది.

రీల్ సీటు లోపలి రంధ్రం బ్లాంకు కన్నా పెద్దది. ఆ సందు నింపేదే ఆర్బర్. ఇది సరిగ్గా కుదరకపోతే సీటు టకటకమని కదులుతుంది, దాన్ని తర్వాత బాగుచెయ్యాలంటే పిడి కొయ్యడం తప్ప మార్గం లేదు. సందు ఒక్కో వైపు 2 మి.మీ. లోపైతే మాస్కింగ్ టేపు సరిపోతుంది. మూడు చోట్ల, మధ్యలో 6 మి.మీ. ఖాళీ వదులుతూ, సీటు ఒరుసుకుంటూ ఎక్కేంత మందం చుట్టాలి. ఖాళీల్లో ఎపాక్సీ నిండి గోడలా నిలబడుతుంది. బలం దానిదే, టేపుది కాదు. సీటు రెండు చివర్లకీ టేపు చేరకూడదు, అక్కడ ఎపాక్సీయే ఉండాలి. లేకపోతే టేపు నీళ్ళు పీల్చి లోపల కుళ్ళుతుంది. సందు ఎక్కువైతే గట్టి నురగ ఆర్బరో కార్క్ బిళ్ళలో వాడండి.

జిగురుకి అరల్డైట్ స్టాండర్డ్ లాంటి నెమ్మదిగా బిగిసే ఎపాక్సీ కావాలి. ఐదు నిమిషాల్లో బిగిసే రకం సీటు సగం ఎక్కేసరికే గట్టిపడుతుంది, పైగా ఎండకి మెత్తబడుతుంది. బ్లాంకు మీద జిగురు పట్టేచోటు మాత్రం 320 శాండ్ పేపరుతో మెరుపు పోయేదాకా గీరి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. వరస ఇది: వెనక పిడి, సీటు, ముందు పిడి. సీటు ఎక్కించాక రీల్ బిగించి, పెన్సిలు గుర్తుతో వరస చూసి, పక్కకి ఉంటే వెంటనే తిప్పండి. గంట తర్వాత ఇంకోసారి చూడండి, జారి ఉండొచ్చు. బయటికి వచ్చిన జిగురుని ఆరకముందే ఆల్కహాల్‌తో తుడిచి, 24 గంటలు వదిలెయ్యాలి.

కొన గైడుకి ఎపాక్సీ వద్దు, వేడికి కరిగే జిగురు పుల్ల వాడండి. విరిగే గైడు ఎక్కువసార్లు అదే, మళ్ళీ ఊడదీసే వీలుండాలి. దాని గొట్టం సైజు అంగుళంలో 64వ వంతుల్లో ఉంటుంది; 5 నంబరంటే సుమారు 2 మి.మీ. జిగురుని బ్లాంకుకి రాసి, లైటరుతో గొట్టాన్ని మాత్రమే వేడిచేసి తొడగాలి. కార్బన్‌కి మంట తగిలితే లోపలి రెసిన్ పాడై, కొన అక్కడే విరుగుతుంది.

గైడు కాళ్ళకి దారం చుట్టే ముందు ఆకురాయి పని ఉంది. కొత్త గైడు కాలు చివర మెట్టులా మందంగా ఉంటుంది. దారం ఆ మెట్టు ఎక్కలేక సందు వదులుతుంది. చివరని పైనుంచి పలచని వాలుగా అరగదీసి, అడుగున మిగిలిన ముళ్ళలాంటి అంచుని 400 పేపరుతో నున్నగా చెయ్యాలి. ఈ అడుగు అంచు చాలా ప్రమాదకరం. రాడ్ వంగిన ప్రతిసారీ అది బ్లాంకులోకి దిగుతూ, ఒకరోజు పెద్ద చేప మీద సరిగ్గా గైడు కాలు దగ్గర రాడ్ విరుగుతుంది. బ్లాంకు లోపమని అందరూ అనుకునే విరుగుళ్ళలో ఇదీ ఒక కారణం.

చుట్టడానికి యంత్రం అక్కర్లేదు. అట్టపెట్టె రెండు పక్కల వీ ఆకారంలో కోసి రాడ్ ఆనించండి. దారాన్ని లావుపాటి పుస్తకం పేజీల మధ్య నుంచి రానిచ్చి, బిగువు చాలకపోతే పైన ఇంకో పుస్తకం పెట్టండి. ఈ రాడ్‌కి 'A' సైజు నైలాన్ దారం సరైనది. ఇంకా లావైన 'D' సైజు సముద్రపు బరువు రాడ్లకి. మామూలు నైలాన్ ఎపాక్సీ తగలగానే ముదురు రంగులోకి, కొంచెం పారదర్శకంగా మారుతుంది. ఎర్రటి దారం గోధుమ రంగైపోయిందని బాధపడేది అందుకే. రంగు నిలవాలంటే ఎన్‌సీపీ రకం (కలర్ ప్రిజర్వర్ అక్కర్లేని) దారం కొనండి. లేదా ఎపాక్సీకి ముందు, రంగు మారకుండా కాపాడే కలర్ ప్రిజర్వర్ పూయండి. నలుపో ముదురు నీలమో అయితే ఈ గొడవే ఉండదు.

కాలు చివరికి 4 మి.మీ. ముందు మొదలుపెట్టి, దారం కొసని దాని మీదే ఐదారు చుట్లతో నొక్కి, కొస కోసి, కాలు ఎక్కుతూ రింగు వైపు సాగండి. ప్రతి పది చుట్లకి గోటితో పక్కకి తోసి సందులు మూయండి. ముగింపుకి ఏడెనిమిది చుట్లు ఉండగా విడిగా ఒక దారం ఉచ్చు పెట్టి దాని మీద చుట్టి, కోసిన కొసని ఉచ్చులో దూర్చి లాగితే అది చుట్ల కిందికి పోతుంది. ఒంటికాలు గైడ్లకి ఇంకో జాగ్రత్త: ఉచ్చు పెట్టే ముందు దారాన్ని రింగు ముందు నుంచి ఒకసారి దాటించి వెనక్కి తేవాలి. రిచ్ ఫోర్హాన్ పేరుతో పిలిచే ఈ కట్టు లేకపోతే గైడు దారం కిందనుంచి ముందుకి జారి ఊడొచ్చు. బిగువు ఎంత అంటే, చుట్టడం అయ్యాక బొటనవేలితో గట్టిగా తోస్తే గైడు కొద్దిగా కదలాలి. కదలనంత బిగిస్తే వరస సరిచెయ్యలేరు, బ్లాంకుకీ దెబ్బ. అన్నీ అయ్యాక మొదలు నుంచి చూసి వరస దిద్ది, నూగుని లైటరు నీలిమంటతో క్షణంలో కాల్చెయ్యండి. రెండు ముక్కల బ్లాంకైతే అతుకు దగ్గర బయటి గొట్టం అంచుకి 10 మి.మీ. దారం తప్పనిసరిగా చుట్టాలి, లేకుంటే అది నిలువునా చీలుతుంది.

పూత దగ్గర తప్పులు ఎక్కువ జరుగుతాయి, వాటిలో చాలావరకు కలపడంలోనే. ఫ్లెక్స్ కోట్ లాంటి రాడ్ ఎపాక్సీలు రెండు భాగాలూ ఘనపరిమాణంలో సమానంగా కలవాలి. ఈ రాడ్‌కి ఒక పూతకి 3 మి.లీ., 3 మి.లీ. చాలు. అంతకన్నా తక్కువ కలిపితే కొలతలో చిన్న తేడా కూడా పెద్దదై పూత జిగటగా మిగులుతుంది. మెడికల్ షాపులో దొరికే నల్ల రబ్బరు ముషలకం ఉన్న సిరంజీలు వాడొద్దు. వాటికి లోపల సిలికాన్ నూనె పూత ఉంటుంది. అది కలిస్తే పూత చేపకన్నుల్లాంటి గుంటలుగా విడిపోతుంది. రబ్బరు లేని ప్లాస్టిక్ సిరంజీలు, ఒక్కో సీసాకి ఒక్కోటి, గుర్తుపెట్టి వాడండి. చేతులకి రాసుకున్న క్రీమూ ఇదే పని చేస్తుంది.

మూడు నిమిషాలు నెమ్మదిగా, అడుగూ అంచులూ గీరుతూ కలిపి, అల్యూమినియం రేకు మీద పలచగా పొయ్యండి. గిన్నెలోనే ఉంటే తన వేడికి తానే తొందరగా గట్టిపడుతుంది. రేకు మీద వేడి పోయి, బుడగలూ పైకి వస్తాయి. మొదటి పూత పలచగా, దారంలోకి ఇంకేలా, కాలు పక్కనుండే సొరంగాలు నిండేలా వెయ్యాలి. మిగిలిన బుడగలకి స్పిరిట్ దీపం మంటని అర సెకను దూరంగా ఆడించండి. గది 22 నుంచి 26 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. మే నెల ఎండలో పని చేసే సమయం సగానికి పడిపోతుంది. వానాకాలంలో విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ళలో తేమకి పూత పైన మైనంలాంటి మబ్బు పొర కడుతుంది. ఏసీ గదిలో వేస్తే ఈ బాధ తగ్గుతుంది. పొర కట్టినా పూత పాడైనట్టు కాదు. పూర్తిగా గట్టిపడ్డాక గోరువెచ్చని నీళ్ళతో తుడిచి, సన్నగా గీరి, రెండో పూత వెయ్యండి.

పూత వేశాక రాడ్ తిరుగుతూ ఉండాలి, నాలుగు గంటలైనా. మైక్రోవేవ్ ఓవెన్ పళ్ళెం తిప్పే మోటారు, నిమిషానికి ఐదారు చుట్లది, చవగ్గా దొరుకుతుంది. స్విచ్చు వేసిన ప్రతిసారీ అది ఏ దిశలోనైనా తిరగొచ్చు, దానివల్ల నష్టం లేదు. 230 వోల్టుల మోటారు కాబట్టి వైర్ల అతుకులకి ఇన్సులేషన్ సరిగ్గా ఉండాలి. మోటారు లేకుంటే మొదటి అరగంట నిమిషానికోసారి, ఆ తర్వాత రెండు గంటలు ఐదు నిమిషాలకోసారి సగం చుట్టు చేత్తో తిప్పాలి. రెండో పూత 24 గంటల తర్వాత. అది మొదటిదానికన్నా కాస్త మందం, అంతే. కొన గైడ్ల మీద ఎపాక్సీ ఉబ్బుగా నిలిస్తే చిన్న రింగులతో తగ్గించుకున్న బరువంతా తిరిగి వచ్చినట్టే, ఆ మందపు పూత వంగినప్పుడు కాలు చివర రింగులుగా పగులుతుంది కూడా. వారం రోజులు గట్టిపడనిచ్చాకే చేప మీదికి తీసుకెళ్ళండి.

ఎప్పుడైనా లైను తెగుతుంటే, ముందు రింగుల్లో దూది తిప్పి చూడండి, పగులుంటే పీచు చిక్కుకుంటుంది, ఆ గైడు మార్చాలి. ఆ గైడు తియ్యడానికి బ్లేడుని కాలు లోహం మీదే నడపాలి, బ్లాంకు వైపు ఎప్పుడూ కాదు. పూతని హెయిర్ డ్రయ్యరుతో మెత్తబరిచి, కాలు మీద దారం పొడుగునా కోస్తే మిగతాది గోటితో ఊడొస్తుంది. అడుగున మిగిలిన ఎపాక్సీ గీతల్ని పాత ఏటీఎం కార్డు అంచుతో గీరి, ఆల్కహాల్‌తో తుడిచి, అదే చోట కొత్త గైడు చుట్టుకోవచ్చు.